సమ్మె అనకు బిడ్డా

నా చిన్నప్పుడు ఒమాన్‌లో, అజైబాలో మా ఇంటి ముందు రోడ్డు ఉండేది కాదు, ఇసుక ఉండేది. శుక్రవారం పొద్దున ఆ ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని ఒక మనిషి నడిచి వచ్చేవాడు. ఆయన కోసం నేను గేటు దగ్గర ఎదురుచూసేదాన్ని. నాన్న పనిచేసే కంపెనీలోనే ఆయన మేస్త్రీ. మాది కాకినాడ, ఆయనది జగిత్యాల దగ్గర ఒక పల్లె. నాన్న, అమ్మ ఆయన్ని మేస్త్రీ గారు అనేవాళ్లు. నేను మేస్త్రీ మామయ్య అనేదాన్ని.

ఆయనకు సంతకం పెట్టడం వచ్చు, చదవడం రాదు. ఇంటికి ఉత్తరం రాయించుకోవడానికి మా ఇంటికి వచ్చేవాడు. మొదట్లో అమ్మ రాసిపెట్టేది. నాకు పదేళ్లు వచ్చాక ఆ పని నాకు అప్పజెప్పింది, తెలుగు మరిచిపోకుండా ఉంటుందని. బడిలో అంతా ఇంగ్లీషు, వీధిలో హిందీ, దుకాణంలో నాలుగు అరబ్బీ ముక్కలు. తెలుగు రాసే పని వారానికి ఒక్కసారి, ఆయన ఉత్తరంలోనే. వరండాలో చాప మీద కూర్చుని ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. ఎడ్లు ఎట్లున్నయి, బావిల నీళ్లున్నయా, చిన్నది బడికి పోతున్నదా. నేను ఆయన మాటల్ని పుస్తకాల తెలుగులోకి మార్చి రాస్తే, చదివించుకుని విని నవ్వేవాడు. "గిట్ల రాస్తే మా ఇంటిది నన్ను గుర్తువట్టది బిడ్డా" అనేవాడు. అప్పుడు కొట్టేసి ఆయన అన్నట్టే రాసేదాన్ని. రాయడం అయ్యాక జేబులోంచి ఒక పాలరాయి ముక్క తీసి ఇచ్చేవాడు, అంచులు నున్నగా అరగదీసి. తొక్కుడుబిళ్లకు అంత మంచి బిళ్ల మా వీధిలో ఎవరి దగ్గరా ఉండేది కాదు.

నాకు పదకొండేళ్లు ఉన్నప్పుడు, ఎండలు ముదిరిన రోజుల్లో, ఆయన ఒక శుక్రవారం ఉత్తరం రాయించలేదు. నాన్న, అమ్మ ఖురంలో ఎవరింటికో భోజనానికి వెళ్లారు. నాకు జలుబుగా ఉందని ఇంట్లో ఉంచి, పక్కింటావిడకు చూస్తూ ఉండమని చెప్పారు. ఆయన చాప మీద కూర్చున్నాడు. తరవాత క్యాంపు సంగతి చెప్పాడు.

వాళ్లుండే క్యాంపు నిజ్వా వెళ్లే దారిలో, ఊరికి దూరంగా ఉండేది. అక్కడి నీళ్ల ట్యాంకు లోపల తుప్పు పట్టి, అడుగున బురద చేరిందట. తాగేది అవే నీళ్లు, వంటా అవే నీళ్లతో. నెల రోజుల్లో చాలామందికి కడుపు జబ్బు చేసింది. ఆయన ఊరివాడే ఒకడు వారం రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. క్యాంపు చూసుకునే మనిషికి రెండుసార్లు చెప్పారు. ఆయన రేపు చూద్దాం, రేపు చూద్దాం అన్నాడు. ఇక నోటితో చెప్తే లాభం లేదు, పెద్ద మేనేజరుకే కాగితం ఇద్దాం అని రూముల్లో అందరూ అనుకున్నారు. మేనేజరుకు ఇంగ్లీషులో ఉంటేనే చదవడం వచ్చు.

"రేపటి సంది మెస్సుల తినం బిడ్డా. డ్యూటీకి వోతం, పనంత చేస్తం. టాంకి కడిగేదాంక ఆ నీళ్లతోని వండింది ముట్టం. గిదే రాయాలె."

నాన్నను అడగొచ్చు కదా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "సారుతోని రాయిస్తే సారు కొలువు మీదికి వస్తది. సారుకు చెప్పకు" అన్నాడు.

నాకు గర్వంగా అనిపించింది. ఇంతమంది పెద్దవాళ్ల పని నా చేతిలోకి వచ్చింది మరి. లోపలికి వెళ్లి గీతలు లేని తెల్ల కాగితం, నాన్న మంచి పెన్ను, అమ్మ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తెచ్చుకున్నాను. కూర్చుంటూ, అయితే ఇది సమ్మె కదా మామయ్యా అన్నాను. ఊళ్లో తాతయ్య గారింట్లో రేడియోలో విన్న మాట అది.

ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. "సమ్మె అనకు బిడ్డా. సమ్మె గాదిది. పెద్ద మాటలు వెట్టకు. నేను చెప్పినట్టే రాయి."

సరే అన్నాను. అన్నానే గాని, రాయడం మొదలుపెట్టాక ఆ మాటలు నాకు చప్పగా తోచాయి. తినము, పనికి వస్తాము, ట్యాంకు కడగండి. ఇందులో ఏముంది? ఉపవాసానికి ఇంగ్లీషు మాట నాకు తెలుసు. శనివారం శనివారం అమ్మ చేసేదే ఉపవాసం. దానికి మేనేజరు భయపడతాడా? బడిలో మా టీచరు ఒకసారి స్వాతంత్ర్య పోరాటం పాఠంలో 'హంగర్ స్ట్రైక్' అనే మాట చెప్పింది. ఆ మాట పలుకుతుంటేనే ఒళ్లు జలదరించేది. నిఘంటువు తీసి చూశాను. 'స్ట్రైక్' దగ్గర మొదటి అర్థం కొట్టుట. రెండోది సమ్మె. వద్దన్న మాట అక్కడే అచ్చులో ఉంది. నేను చూశాను. చూసీ రాశాను.

ఊరికే రాయలేదు కూడా. కాగితం పైన పెద్ద అక్షరాలతో 'స్ట్రైక్ నోటీస్' అని పెట్టి, ఎర్ర సిరాతో కింద రెండు గీతలు గీశాను. ఆ కింద ఆయన చెప్పిన సంగతి.

"ఒక్కసారి సదువు బిడ్డా" అన్నాడు ఆయన.

చదివాను. తెలుగులో చెప్పుకుంటూ చదివాను. శీర్షిక దగ్గరికి వచ్చేసరికి "మేనేజరు గారికి విన్నపం" అన్నాను. ఆయన తృప్తిగా తల ఊపాడు. కాగితాన్ని నలగకుండా పట్టుకుని, మొదటి సంతకం తానే పెట్టాడు. తెలుగులో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. మిగతావాళ్లవి క్యాంపులో పెట్టిస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యి వేసి, "చదువంటె గిది" అన్నాడు.

శనివారం గడిచింది. ఆదివారం మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి మా హాల్లో కంపెనీ మందూబ్ కూర్చుని ఉన్నాడు. వీసాలు, కార్డులు, ప్రభుత్వ ఆఫీసుల పనులు చూసే ఒమానీ పెద్దాయన. పాదాల దాకా తెల్లటి దిష్‌దాషా, తల మీద కుట్టుపని టోపీ. హిందీ మనకంటే బాగా మాట్లాడేవాడు. అప్పుడప్పుడు మా ఇంటికి ఖర్జూరాలు పంపేవాడు. ఆ రోజు ఆయన ముందున్న టీ చల్లారిపోయి ఉంది. నాన్న చేతిలో నా కాగితం ఉంది.

నేను తలుపు పక్కన నిలబడిపోయాను. మందూబ్ చెప్పిందంతా విన్నాను. మేనేజరు శీర్షిక చదివి ఆ కింద చదవలేదట. సమ్మె అంటున్నారు, ఎవడు చేయిస్తున్నాడు, మొదటి సంతకం ఎవడిది అని కేకలు వేశాడట. శనివారం ఒక్కడు కూడా పని మానలేదు. ఖాళీ కడుపులతో ఎండలో స్లాబు పోశారు. మందూబ్ ఆ సంగతి చెప్పినా మేనేజరు కాగితమే చూపించాడు, వాళ్లే రాసి ఇచ్చారు చూడు అని. ఆ రోజుల్లో ఇక్కడ ఆ మాట కాగితం మీద కనిపిస్తే చాలు, పై ఆఫీసుల దాకా వెళ్తుందేమోనని అందరికీ భయం. మేస్త్రీని వెనక్కి పంపేయాలని మేనేజరు తేల్చేశాడు. కాగితం ఎవరు రాశారని అడిగితే మేస్త్రీ, రువీ బజారులో ఎవరో దారిన పోయే మనిషి చేత రాయించానని చెప్పాడట.

మందూబ్ నాన్న చేతిలోని కాగితం మీద, ఎర్ర గీతల పైన వేలు పెట్టాడు. ఆయన హిందీలో అన్న మాటలు నాకింకా గుర్తున్నాయి. "మా అరబ్బీలో దీన్ని ఇద్రాబ్ అంటారు. కొట్టడం అనే మాటలోంచే పుట్టింది అది కూడా. ఇదే చోట రోజా ఉంటున్నాం అని రాసి ఉంటే, ఉపవాసం ఉన్న మనిషి మీద చెయ్యి ఎలా వేస్తావని నేనే మేనేజరును అడిగేవాణ్ణి. ఈ మాట పెట్టాక నేనేం మాట్లాడను?"

ఆయన వెళ్లిపోయాడు. నాన్న నన్ను పిలిచారు. నా నోటుపుస్తకం తెమ్మన్నారు. కాగితం పక్కన పెట్టి చూసి మూసేశారు. కొట్టలేదు, కోప్పడలేదు. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అడిగారు.

"అమ్మడూ, ఒక్కటే అడుగుతాను. ఈ స్ట్రైక్ అనే మాట ఆయన రాయమన్నాడా? నువ్వే పెట్టావా? నువ్వు పెట్టి ఉంటే చెప్పు. రేపు పొద్దున్నే మేనేజరు దగ్గరికి వెళ్లి, చిన్నపిల్ల తెలియక రాసింది, వాళ్లు అన్నది అది కాదు అని చెబుతాను."

ఎన్నోసార్లు ఆ నిమిషాన్ని వెనక్కి తిప్పి చూసుకున్నాను. నాన్న ఉద్యోగం పోతుందని భయపడ్డానని కొన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. కానీ అసలు నిజం చిన్నది. నీకు చదువు నేర్పించి తప్పు చేశామా అని అమ్మ అంటుందేమోనని సిగ్గేసింది. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లనని నలుగురిలో పేరున్నదాన్ని. ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. అంతే.

"ఆయనే రాయమన్నాడు" అన్నాను.

నాన్న నిట్టూర్చి లేచారు. ఆ మర్నాడు ఆయన మేనేజరు దగ్గరికి వెళ్లారు. మనిషి మంచివాడు, పాతికమంది పని ఒక్కడే చూసుకుంటాడు, ఒక్కసారికి వదిలేయండి అని అడిగారు. మేనేజరు వినలేదు. నాన్న దగ్గర చెప్పడానికి ఆ ఒక్క సంగతీ లేకపోయింది. దాన్ని నేనే దాచుకున్నాను.

సోమవారం సాయంత్రం మేస్త్రీ మామయ్య మా ఇంటికి వచ్చాడు, చెప్పిపోవడానికి. మంగళవారం మధ్యాహ్నం విమానం. కొత్త చొక్కా వేసుకున్నాడు, మడతలు ఇంకా పోలేదు. అమ్మ అన్నం పెడతానంటే వద్దన్నాడు. ట్యాంకు కడిగారా అని అమ్మ అడిగింది. "కడిగిండ్రమ్మా, నిన్ననే. అడుగుకెల్లి తట్టల కొద్ది బురద తీసిండ్రు. పోరగాండ్లు తిన్నరు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ముఖంలో సంతోషమే ఉంది.

నేను అమ్మ వెనకాల నిలబడి ఉన్నాను. నాన్న మాత్రం ఉండబట్టలేక అడిగేశారు.

"అంతా బాగానే చేశారు మేస్త్రీ గారూ. ఆ ఒక్క మాట ఎందుకు రాయించారు? స్ట్రైక్ అని ఎందుకన్నారు?"

ఆయన నాన్న వైపు చూశాడు. అర్థం కానట్టు చూశాడు. ఆ తరవాత కళ్లు మెల్లగా నా మీదికి వచ్చాయి. నేను తల దించుకున్నాను. నిజంగా ఒక్క క్షణమే. కానీ ఆయనకు అంతా తెలిసిపోయిందని నాకు తెలిసింది. వద్దన్న మాట రాశానని, పైగా ఆయన మీద చెప్పానని, రెండూ.

"నేనే అన్న సారు" అన్నాడు. "నోరు జారింది. చిన్నపిల్లకు ఏమెరుక? నేనేదంటే అది రాసింది. తప్పు నాదే."

నాన్న బజారుకు వెళ్లి ఆయన పిల్లలకు బట్టలు, ఒక పాలపొడి డబ్బా తెస్తానని లేచారు. అమ్మ వంటింట్లోకి వెళ్లింది. వరండాలో మేమిద్దరమే మిగిలాం. నాకు ఏడుపు వచ్చేసింది. ఆయన నన్ను కూర్చోమని సైగ చేసి, తానూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తప్పు చేశావని అనలేదు. ఎందుకు చేశావని అడగలేదు. ఏదో పాఠం చెబుతున్నట్టు, నేల మీద వేలితో గీతలు గీస్తూ మెల్లగా మాట్లాడాడు.

"సూడు బిడ్డా. ఊళ్ల నేను అన్నిట్ల కూసున్నోణ్ణే. సమ్మె అంటె పని బందు వెట్టుడు. అండ్ల నొచ్చేది పెట్టుబడి వెట్టినోనికి. ధర్నా అంటె ఆపీసు ముంగట అడ్డం కూసునుడు. అండ్ల నొచ్చేది లోపలున్నోనికి. బందు అంటె ఊరంత మూసుడు, అందరికి నొస్తది. ఉపాసం అట్ల గాదు. ఉపాసంల నొచ్చేది మన కడుపే. నా కడుపు సూసి నీ మనసు కరగాలె అని అడుగుడు అది. ఎవలికి నొస్తదో సూసుకోవాలె మాట పెట్టేటప్పుడు. అన్ని ఒక్క తీరుగనే కనవడ్తయి గని, ఒక్కటి గావు."

నేను వెక్కుతూనే ఉన్నాను. "మీ పిల్లలకు ఏం చెబుతారు?" అని అడిగాను. నా నోటి నుంచి వచ్చింది ఆ ఒక్క మాటే.

"పని అయిపోయింది, వచ్చిన అని చెప్త" అన్నాడు.

నాన్న సంచితో తిరిగి వచ్చారు. ఆయన సంచి అందుకుని, అమ్మకు దండం పెట్టి, గేటు దాకా వెళ్లి చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఇసుక ఇంకా వేడిగానే ఉంది. మందూబ్ కారు వీధి చివర ఆగి ఉంది. మర్నాడు ఆయన్ని విమానం ఎక్కించింది మందూబే. కార్డు మీద మళ్లీ రాకూడదని ముద్ర పడకుండా చూడమని మేనేజరును బతిమాలాడట. పడింది.

విమానాశ్రయం మాకు దగ్గర. విమానాలు మా బడి మీదుగా లేచేవి. మంగళవారం మధ్యాహ్నం లెక్కల క్లాసులో ఒక్కో విమానం చప్పుడుకూ తల ఎత్తి చూశాను. ఇది కాదేమో, ఇదేనేమో అనుకుంటూ. ఏది ఆయనదో నాకు తెలియదు.

ఆయన మళ్లీ గల్ఫుకు రాలేదు. కొన్నాళ్లకు ఆయన ఊరివాడొకడు నాన్నతో చెప్పాడు, నిజామాబాదులో కూలి పని చేస్తున్నాడని, పెద్ద కూతురి పెళ్లి వాయిదా పడిందని. తరవాత ఆ మనిషీ వెళ్లిపోయాడు. మాకు కబుర్లు రావడం ఆగిపోయింది.

నేను పెద్దదాన్నయి హైదరాబాదులో చదువుకున్నాను. జగిత్యాల బస్సులు ఎక్కడ ఆగుతాయో నాకు తెలుసు. ఎక్కలేదు. పరీక్షలు అన్నాను, ఉద్యోగం అన్నాను, పెళ్లి అన్నాను. ఇరవై ఏళ్లు అలా అన్నాక, ఆయన ఇప్పుడు ఉన్నాడో లేడో అన్నాను. పోవాలనుకున్న మనిషి అయితే ఒక్క శనివారం చాలు.

పెళ్లయి మళ్లీ ఈ దేశమే వచ్చాను. నిజ్వాలో బడిలో పాతికేళ్లు ఇంగ్లీషు చెప్పాను. కొన్నేళ్లుగా అజైబాలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఈ వీధిలో ఇప్పుడు ఇసుక కనపడదు. శుక్రవారాల్లో మన పనివాళ్లు ఒకరిద్దరు నా దగ్గరికి వస్తారు, ఫోనులో పంపాల్సిన కంప్లైంటో, సెలవు కాగితమో రాసిపెట్టమని. ఈ మధ్య నిర్మల్ వైపు అబ్బాయి ఒకడు వచ్చి, "గట్టిగ రాయుండ్రి మేడం, వాళ్లు బెదరాలె" అన్నాడు. రేపు పొద్దున నువ్వు చేసేదేమిటో ముందు చెప్పు నాయనా అన్నాను. చెప్పాడు. చెప్పినంతే రాసి, ఒక్కో మాటకూ అర్థం చెబుతూ చదివి వినిపించాను. ఇంతేనా అన్నాడు. ఇంతే అన్నాను. అసంతృప్తిగానే సంతకం పెట్టి వెళ్లాడు. నేనేదో పుణ్యం చేస్తున్నానని మా కోడలు అనుకుంటుంది. ఎందుకు చేస్తున్నానో ఆ పిల్లకు చెప్పలేదు.

చెప్పవలసింది ఇంకొకరికి. నాన్న తొంభై దగ్గర పడేదాకా బతికారు. ఆఖరి రోజుల్లో పాత సంగతులన్నీ తవ్వుకుని చెప్పేవారు. భోజనం దగ్గర ఎప్పుడు గోడల మాట వచ్చినా, పగుళ్ల మాట వచ్చినా, మేస్త్రీ ఆయనకు గుర్తొచ్చేవాడు. "అంత పనివాణ్ణి మళ్లీ చూడలేదు. ఆ ఒక్క మాట రాయించి బతుకు పాడుచేసుకున్నాడు" అనేవారు. నేను ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకునేదాన్ని. ముప్పై ఏళ్లలో ఎన్నిసార్లు అన్నారో, అన్నిసార్లూ కలుపుకున్నాను. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఇక్కడ రాస్తే ఆయన చదవరని తెలుసు. అయినా ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అని రాస్తున్నాను.

మేస్త్రీ మామయ్య ఆ మాట అనలేదు నాన్నా. వద్దన్నాడు. నేనే రాశాను.